గ్రీకుల రాణి ఓల్గా

గ్రీసు దేశమన్నంతనే మన చదువరుల మనస్సునకు వచ్చునది సోక్రటీసు నాఁటి గ్రీసు, అలెగ్జాండరు నాఁటి గ్రీసు. నాలుగువందల యేండ్లు తురుష్కుల పాలనమునందుండి, పందొమ్మిదవ శతాబ్దమున రక్తము ధారవోసి స్వతంత్రమైన గ్రీసును గూర్చి మనలో తెలిసినవారు తక్కువ. ఆ క్రొత్త గ్రీసునకు విచిత్రమైన స్థితి తటస్థించెను. స్వాతంత్ర్యమును సంపాదించినవారు గ్రీకులు. సింహాసనమెక్కినవారు మాత్రము పరదేశీయులు. ఇంగ్లండు, ఫ్రాన్సు, రష్యా యను మూఁడు రాజ్యములవారు కూడి 1832లో బవేరియా రాజకుమారుఁడైన ఒట్టోను గ్రీసునకు రాజుగా నిర్ణయించిరి. ఆతని రాణి యమేలియా జర్మనీలోని ఒల్డెన్‌బర్గు ప్రభువు కూఁతురు. ఒట్టో రోమను కాథలిక్కు; అమేలియా లూథరు మతస్థురాలు; ప్రజలు ఆర్థడాక్సు క్రైస్తవులు. దంపతులకు సంతానము లేదు. 1862లో ప్రజలు తిరుగఁబడి వారిని దేశమునుండి పంపివేసిరి. మఱుసటి సంవత్సరము డెన్మార్కు రాజకుమారుఁడు విలియము పదునేడేండ్ల ప్రాయమున జార్జి యను పేరుతో రాజయ్యెను. ఆతనికి “గ్రీసు రాజు” అని కాక “గ్రీకుల రాజు” అని బిరుదమిచ్చిరి. భేదము స్వల్పముగా కనఁబడును గాని, రాజ్యమునకు వెలుపల తురుష్క సామ్రాజ్యమునందున్న గ్రీకులనందఱిని ఆ బిరుదము తలఁచుచుండెను. ఆ తలంపు మా కథకు చాల అవసరము.

మేమిప్పుడు వ్రాయఁబూనినది ఈ జార్జి రాణియగు ఓల్గాను గుఱించి. ఆమె కత్తి పట్టిన వీరవనిత కాదు. రాజ్యతంత్రమునందు చతురురాలని పేరొందినదియు కాదు. దయగల రాణులు లోకమున పలువురు గలరు. దయ యొక్కటియే యైన నీ వ్యాసముతో పనిలేదు. చదువురాని సైనికుల మేలుకోరి ఆమె చేయించిన యొక చిన్న పుస్తకము కొంతకాలమునకు ఏథెన్సు వీథులలో ఎనిమిదిమంది ప్రాణములు పోవుటకు కారణములలో నొకటి యయ్యెను. ఒక మంచి పని ఇట్టి ఫలము నెట్లిచ్చెనో విచారింపవలెనని మా కోరిక.

ఓల్గా 1851వ సంవత్సరము సెప్టెంబరు 3వ తేదిని సెంటుపీటర్సుబర్గు సమీపమునందలి పావ్‌లోవ్‌స్కు నగరులో జన్మించెను. తండ్రి కాన్‌స్టాంటైను, రష్యా చక్రవర్తి మొదటి నికోలాసునకు రెండవ కుమారుఁడు, నౌకాదళమును సంస్కరించినవాఁడు, అన్నయగు రెండవ అలెగ్జాండరు 1861లో భూదాసులకు విముక్తి నిచ్చినపుడు ఆ ప్రయత్నమునకు తోడ్పడినవారిలో ముఖ్యుఁడు. తల్లి జర్మనురాజవంశపు స్త్రీ. 1862లో తండ్రి పోలండునకు రాజప్రతినిధియై వార్సాకు పోఁగా, పిల్లలును వెంట పోయిరి. అక్కడ ఆతనిపై నొకఁడు తుపాకి కాల్చెను, ప్రాణాపాయము తప్పెను. పరాయివాఁడెంత మంచివాఁడైనను పరాయివాఁడేయని పదకొండేండ్ల బాలికకు అప్పుడే తెలిసియుండును.

జార్జి 1867లో రష్యాకు పోయి ఓల్గాను కోరెను. ఆ సంవత్సరమే అక్టోబరు 27వ తేదిని శీతకాలపు రాజప్రాసాదమున వివాహము జరిగెను. వరునకు ఇరువదియొకటి; వధువునకు పదునాఱు. బాల్యవివాహములను గర్హించుచు మనవారికి యూరోపును ఉదాహరణముగా చూపువారు రాజకుటుంబముల పెండ్లిండ్లను మాత్రము మఱచుట మేము పలుమాఱు చూచితిమి. ఓల్గా పెట్టెలలో బొమ్మలుకూడ గ్రీసునకు వచ్చెనని చెప్పుదురు. కొత్తయింట గడిపిన మొదటి దినములలో ఆ బాలిక, సభామర్యాదలకు బెదరి, మూలల దాఁగి యేడ్చుచుండెడిదని యొక కథ గలదు. అది యెంతవఱకు నిజమైనను, పదునాఱేండ్ల పిల్ల యేడ్చుటలో వింతయేమి?

కాని ఏథెన్సు ప్రజలు ఆమెను మహోత్సాహముతో ఎదుర్కొనిరి. ఆమె గ్రీకు పతాకపు రంగులగు నీలము తెలుపు గల దుస్తులు ధరించి దిగెను. అంతకంటె ముఖ్యము, ఆమె మతము వారి మతము. కాథలిక్కు రాజు, లూథరను రాణి పోయిన పిమ్మట, లూథరను జార్జి వచ్చియుండెను. ఇప్పటికి తమ దేవాలయమున తమతోకూడ మ్రొక్కు రాణి వచ్చినది. ఆమె రష్యాలో పుట్టుటవలననే గదా ఈ భాగ్యము కలిగినది! ఆనాఁడు రష్యా యనిన గ్రీకులకు ఆర్థడాక్సు మతమునకు రక్షకురాలు. ముప్పదినాలుగేండ్లకు ఈ రష్యాపుట్టుకయే ఆమెకు దోషమయ్యెను.

మఱుసటి యేఁట జ్యేష్ఠపుత్రుఁడు కలిగెను. కాన్‌స్టాంటినోపిలు నగరమును కట్టిన చక్రవర్తి పేరును, దానిని తురుష్కులతో పోరాడి కోలుపోయిన కడపటి చక్రవర్తి పేరును కాన్‌స్టాంటైనే. శిశువునకు ఆ పేరే పెట్టిరి. గ్రీకుల యాశలన్నియు నొక శిశువు నెత్తిపై మోపఁబడెను. పిమ్మట నేడుగురు బిడ్డలు కలిగిరి; అందొక యాఁడుశిశువు ఏడు నెలలకే గతించెను. భార్యాభర్తలు తమలో తాము జర్మను భాషలో మాటలాడుకొనుచుండిరి, పిల్లలతో ఇంగ్లీషు. అయినను వారి కుమారులలో ఆండ్రూ యనువాఁడు తలిదండ్రులతో గ్రీకు దప్ప వేఱుమాట పలుకననెడివాఁడట. ఈ ఆండ్రూ కుమారుఁడే తరువాత ఇంగ్లండు రాణి రెండవ యెలిజబెత్తును పెండ్లాడిన ఫిలిప్పు.

ఓల్గా గ్రీసునకు వచ్చిన యేఁడాదిలోపలనే గ్రీకు నేర్చెను. భాష నేర్చిన పిమ్మట ఆమె పోయినది విందులకు గాదు, ఆసుపత్రులకు. రోగులకు ఉపచారము చేయు విధమును స్వయముగా నేర్చుకొని, గాయములకు తన చేతితో కట్లు కట్టెడిది. ఆమె ప్రాపున ఏథెన్సున స్థాపింపఁబడిన ఎవాంగెలిస్మోసు వైద్యశాల 1884లో తెఱవఁబడెను. నేఁటికిని అది ఆ నగరపు పెద్ద ఆసుపత్రులలో నొకటి. రోగిపరిచర్యను విద్యగా నేర్చిన స్త్రీలు గ్రీసున లేని కాలమున, దానిని గౌరవముగల వృత్తిగా చేయుటకు రాణి పూనుకొనెను. రాణి మంచము ప్రక్కన మోఁకరించి పరిచర్య చేయుచుండఁగా, ఆ పని నీచమని యితర కుటుంబముల వారెట్లు అనఁగలరు?

ఆమెకొక మమకారము మాత్రము పోలేదు. పిరేయసు రేవునకు రష్యా యుద్ధనౌక యేది వచ్చినను ఆమె సంతోషమునకు మేర లేకుండెను. నావికులను పిలిచి యాదరించెడిది. రష్యా నౌకాదళమున ఆమెకు గౌరవపదవి కలదు. కూఁతుండ్రలో పెరిఁగి పెద్దవారైన యిద్దఱిని రష్యా రాజకుమారులకే యిచ్చెను. అందు పెద్దది, అలెగ్జాండ్రా, 1891లో నిండు చూలాలుగా కాకమునుపే ప్రసవించి చనిపోయెను. పుట్టింటిపై ప్రేమ తప్పని మేము చెప్పము. అత్తవారింటివారు దానిని లెక్కించుచునే యుందురని మాత్రము మన స్త్రీల కొకరు చెప్పనక్కఱలేదు.

1897లో క్రీటు ద్వీపము విషయమై గ్రీసునకును తురుష్కులకును యుద్ధము జరిగెను. ఒక నెలలో గ్రీకుసేన యోడిపోయెను. ఆ సేనకు థెస్సలీలో నాయకుఁడు రాణి కుమారుఁడగు కాన్‌స్టాంటైనే. ఏథెన్సున రాజకుటుంబముపై ఆగ్రహము పుట్టెను. రాణి గాయపడిన సైనికుల నడుమ దినములు గడపుచుండెను. ఆమె భక్తురాలు, వారికి ఊఱట కలుగునని సువార్త పుస్తకములను పంచెను. వారు చదువలేదు. ఏలయని యడుగఁగా, చదివినను మాకు బోధపడదు గదా యని వారు చెప్పిరి.

ఇక్కడ మేము కొంత యాగి భాషను గూర్చి చెప్పవలెను. క్రొత్త నిబంధన గ్రీకు భాషలోనే వ్రాయఁబడినది. కాని యది పద్దెనిమిదివందల యేండ్లనాఁటి గ్రీకు. ప్రజల నోట నున్న గ్రీకు ఆ కాలమున నెంతో మారినది. దేశము స్వతంత్రమైన పిమ్మట పండితులు ఈ ప్రజల భాషను గ్రామ్యమనియు, దాస్యమున చెడిపోయినదనియు తలఁచి, ప్రాచీన రూపములతో శుద్ధిచేసిన యొక గ్రంథభాషను కల్పించి, దానిని “కథరేవూసా” యనిరి. శుద్ధి చేయుచున్నదని దానికర్థము. శాసనములు, పాఠశాలలు, పత్రికలు, న్యాయస్థానములు దానివి. తల్లి జోలపాట, రైతు బేరము, నావికుని తిట్టు రెండవదానివి. ప్రజల భాషలోనే వ్రాయవలెనని 1888లో ప్సిఖారిసు అను నతఁడు గ్రంథము ప్రకటింపఁగా వాదము ముదిరెను. ఆ పక్షమువారికి “మల్లియారీ”, అనఁగా జుట్టు పెంచినవారు, అని ప్రతిపక్షులు పేరుపెట్టిరి. గ్రాంథిక వ్యావహారిక వాదములలో తల పండిన మా పాఠకులకు ఇంతకంటె వివరింప నక్కఱలేదు. మేమే ప్రాఁతభాషలో వ్రాయుచు ఈ కథ చెప్పుట చూచి నవ్వువారు నవ్వవచ్చును.

వింత యేమనఁగా, సువార్తలు మొదట వ్రాయఁబడినది ప్లేటో భాషలో కాదు. అంగళ్లలోను ఓడరేవులలోను సామాన్యులాడుకొను గ్రీకులో. దాని పేరే “కోయినీ”, సామాన్యము. బోధపడుటకై యెన్నఁబడిన భాష బోధపడకపోవుటవలననే పవిత్రమైనది.

పుట్టుగ్రీకులు ఈ సంగతి యెఱుఁగనివారు కారు. కాని చిన్నతనమునుండి దేవాలయమున విన్న స్వరము వారికి చెవిలో నిలిచియున్నది. అర్థమడుగుట వారికి తోఁచదు. భాషను వ్యాకరణముతో నేర్చిన పరదేశీయురాలికి మాత్రము, ఇది నీకు తెలియుచున్నదా యని యడుగవలెనని తోఁచెను. అట్లడిగిన కారణముననే ఓల్గా చరిత్రలో నిలువఁదగినదని మా యభిప్రాయము.

రాణి తన కార్యదర్శినియగు యూలియా సోమాకీ యను విదుషికి 1898 చివర భాషాంతరము చేయు పని నప్పగించెను. పండితులు కొందఱు దానిని చూచిరి. ఏథెన్సు మెట్రోపాలిటనగు ప్రధాన మతగురువు ప్రొకోపియసు ఆమెకు అనుకూలుఁడు. కాని మతాధికారుల సభయైన సినడు అనుమతింపలేదు. రాణి వెనుదీయక 1901 ప్రారంభమున నాలుగు సువార్తలను వేయి ప్రతులు ముద్రింపించెను. ఒక ప్రక్క మూలము, ఒక ప్రక్క భాషాంతరము; వెల యొక్క ద్రాఖ్మా. ఇది కుటుంబములలో చదువుకొనుటకే గాని దేవాలయమునకు కాదని ముందే వ్రాయించెను. భాషయు మితమైనదే, పండితుల చెవి కోసుకొనునంత గ్రామ్యము కాదు. కొందఱు గొణిగిరి, అల్లరి మాత్రము జరుగలేదు. కథ అంతటితో ముగిసియుండిన ఆ పుస్తకమును నేఁడెవరు తలఁతురు?

ఆ యేఁట సెప్టెంబరులో అలెగ్జాండ్రోసు పల్లిసు రంగమున ప్రవేశించెను. ఈతఁడు రాణి పుట్టిన సంవత్సరముననే పుట్టిన గ్రీకు వర్తకుఁడు. ర్యాలీ బ్రదర్సు కంపెనీ పనిమీఁద చాలయేండ్లు మన బొంబాయిలో నివసించి, పిదప లివర్‌పూలు చేరినవాఁడు. బొంబాయిలో నున్నకాలముననే హోమరు ఇలియడును ప్రజల గ్రీకులోనికి మార్చుటకు పూనుకొనెను. మాటలయందు ఆతఁడు రాజీ యెఱుఁగఁడు. ఆతని మత్తయి సువార్త ఏథెన్సున “అక్రోపొలిసు” పత్రికలో మొదటిపుటయందే వరుసగా వెలువడఁజొచ్చెను. సంపాదకుఁడు గవ్రియిలీడిసు, రాణి ప్రారంభించిన కార్యమునే పల్లిసు కొనసాగించుచున్నాఁడని పీఠికలో వ్రాసెను. ఆ వాక్యముతో గుట్టుగానున్న రాణి పుస్తకము వీథిని పడెను. శత్రువులకంటె ఈ మిత్రుఁడే ఆమెకు ఎక్కువ చెఱుపు చేసెనని మాకు తోఁచుచున్నది.

ప్రతిపక్షుల వాదమును గేలిచేయుట సులభము. కాని యది న్యాయము కాదు. వారిట్లు తలఁచిరి: లోకమందలి క్రైస్తవులందఱు భాషాంతరములను చదువుదురు, మూలమును తమ భాషలో చదువువారు గ్రీకు లొక్కరే. ఆ గ్రీకులకే భాషాంతరము కావలెనన్నచో, మీరు ప్రాచీనుల సంతానము కారని చెప్పుటయే గదా. ఏథెన్సు గ్రీకును, కాన్‌స్టాంటినోపిలు గ్రీకును, ఆసియాలో తురుష్కభాష మాటలాడు గ్రీకును నొక్క జాతిగా కట్టియుంచినది దేవాలయము, అందలి భాష. దానిని కదల్చిన “గ్రీకుల రాజు” అను బిరుదమున కర్థమేమి? ఇంతవఱకు వాదము, దీని వెనుక భయమొకటి యుండెను. 1870లో బల్గేరియనులు కాన్‌స్టాంటినోపిలు గ్రీకు మతాధిపతి పాలననుండి విడివడి తమ మతశాఖను వేఱుచేసికొనిరి. 1878లో రష్యా తురుష్కులను జయించి, సాన్ స్టెఫానో సంధిలో మాసిడోనియాలో నధికభాగమును బల్గేరియాకు వ్రాయించెను. ఆ సంధి నిలువలేదు గాని భయము నిలిచెను. రష్యా ఆర్థడాక్సు మతరక్షకురాలు కాదు, స్లావుజాతి పక్షపాతి యని గ్రీకులు నిశ్చయించుకొనిరి. ఇప్పుడు గ్రీకుల సువార్తను గ్రీకు కాకుండ చేయువారెవరు? రష్యా చక్రవర్తి వంశమున పుట్టిన రాణి! రష్యా రూబుళ్లు పంచఁబడుచున్నవని వదంతి పుట్టెను. దానికి నిదర్శన మెవ్వరు నడుగలేదు. ముప్పదినాలుగేండ్ల ఆసుపత్రిసేవ ఆ వదంతిముందు నిలువలేదు.

కాన్‌స్టాంటినోపిలు మతాధిపతి పల్లిసు భాషాంతరమును గర్హించెను. ఏథెన్సు విశ్వవిద్యాలయ విద్యార్థులు నవంబరు 5వ తేదిని, అనఁగా మన లెక్కకు 18వ తేదిని, బయలుదేరి పత్రికాకార్యాలయముపై పడిరి. భాషాంతరకర్తలను మతమునుండి వెలివేయవలెనని కోరిరి. 8వ తేదిని ఒలింపియను జ్యూసు దేవాలయపు ప్రాచీన స్తంభములయొద్ద వేలకొలఁది జనులు కూడి, అక్కడనుండి కదలిరి. సైనికులు తుపాకులు కాల్చిరి. ఎనిమిదిమంది చచ్చిరి; అఱువదిమందికి పైగా గాయపడిరి. ప్రొకోపియసు పీఠమును విడిచెను. ప్రధానమంత్రి థియొటోకిసు రాజీనామా యిచ్చెను. రాణి పుస్తకము వ్యాప్తినుండి తొలఁగింపఁబడెను.

ఏ సైనికులకై పుస్తకము పుట్టెనో ఆ సైనికుల చేతి తుపాకులే దాని కథను ముగించెను. చచ్చినవారు దుర్మార్గులు కారు. తమ జాతిని రక్షించుకొనుచున్నామని నమ్మినవారు. రాణియందు తప్పు లేదా? ఉన్నది. సినడు కాదన్న పిమ్మట, పదవిబలముతో ముద్రింపక, వేచియుండి, పుట్టుగ్రీకులగు పండితులచే ఆ మాట పలికింపవలసినది. పరదేశీయురాలగు రాణికి మంచి పని చేయుటయే చాలదు. అది తనదిగా కనఁబడకుండ చేయవలెను. ఇది అన్యాయమే, కాని ముప్పదినాలుగేండ్ల వాసముపిమ్మట ఆమె దాని నెఱుఁగవలసినదే.

తరువాతి జీవితమును త్వరగా చెప్పెదము. 1911వ సంవత్సరపు రాజ్యాంగమున, కాన్‌స్టాంటినోపిలు మతాధిపతి యనుమతి లేనిదే పవిత్రగ్రంథమును వేఱు భాషారూపమునకు మార్చఁగూడదని స్పష్టముగా వ్రాసిరి. 1913 మార్చి 18వ తేదిని, కొలఁదికాలముక్రిందట జయించిన థెస్సలొనీకీ నగరమున నడచిపోవుచున్న జార్జిని ఒకఁడు వెనుకనుండి కాల్చి చంపెను. విధవయైన ఓల్గా తఱచు రష్యాకు పోవుచుండెను. 1914 యుద్ధమున పావ్‌లోవ్‌స్కు నగరునందే గాయపడినవారికి ఆసుపత్రి నేర్పఱిచెను. 1917 విప్లవమున ఆమె అక్కడనే చిక్కుపడెను. డెన్మార్కు రాయబారుల సాయమున బయటపడెను. ఆమె తమ్ముఁడు డిమిట్రీయు, అల్లుఁడొకఁడును 1919 జనవరిలో కాల్చి చంపఁబడిరి. మఱియొక సోదరుని కుమారులు ముగ్గురు అంతకుముందే హతులైరి.

1920లో, ప్రవాసమందున్న కుటుంబమునకు గ్రీసున మిగిలినది మనుమఁడు అలెగ్జాండరు ఒక్కఁడే, ఆతఁడు రాజు. ఆతనిని కోఁతి కఱచి గాయము విషమించెను. ముసలిరాణికి మాత్రము పోయి చూచుటకు అనుమతి దొరకెను. సముద్రము పొంగియుండుటచే ఓడ యాలసించెను. ఆమె చేరునప్పటికి మనుమఁడు లేఁడు. తలవని తలంపుగా ఆ నవంబరునుండి డిసెంబరువఱకు నెల దినములు, కుమారుఁడు కాన్‌స్టాంటైను తిరిగివచ్చుదాఁక, ఆమెయే రాజప్రతినిధిగా గ్రీసు నేలెను. తన పుస్తకమును నిషేధించిన రాజ్యాంగము క్రిందనే ఆమె యా నెల యేలుబడి సాగినది. 1922లో కుమారుఁడు మరల సింహాసనము విడువఁగా, ఆమెకు మరల ప్రవాసము తప్పలేదు. 1926 జూనులో పరదేశమున కన్నుమూసెను. దేహమును ఇటలీలో ఫ్లారెన్సునందలి రష్యను దేవాలయమున నుంచిరి. గ్రీసున రాజరికము మరల స్థాపింపఁబడిన పిమ్మట, 1936లో, దానిని తెచ్చి ఏథెన్సు సమీపమునందలి తతోయి తోఁటలో భర్త ప్రక్కన నుంచిరి.

భాష విషయము మాత్రము ఆమెతో ముగియలేదు. 1976లో గ్రీకు ప్రభుత్వము కథరేవూసాను పాఠశాలలనుండి తొలఁగించి ప్రజల భాషను అక్కడ నిలిపెను. కొలఁది సంవత్సరములలో కార్యాలయముల భాషయు అదియే యయ్యెను. నేఁటి గ్రీకులు సువార్తను వాడుకభాషలో ఇండ్లలో చదువుకొనుచున్నారు. పుస్తకాంగళ్లలో పలు భాషాంతరములు దొరకును. కాని 1975వ సంవత్సరపు రాజ్యాంగములో కూడ మతాధికారుల యనుమతి లేని అధికార భాషాంతరమునకు నిషేధము నిలిచియేయున్నది. ఆదివారమున దేవాలయమునందు సువార్త నేఁటికిని ఆ గాయపడిన సైనికులకు బోధపడని మాటలలోనే చదువఁబడుచున్నది.